కుక్క తిండి వెతుక్కుని తినాలా, గిన్నెలో పెట్టి ఇవ్వాలా?

జున్నువాళ్ళమ్మ (సీతమ్మధార):
మా జున్ను మూడేళ్ల ఇండీ, అంటే మన నాటు కుక్క, ఆడది, పద్నాలుగు కిలోలు. రెండో అంతస్తులో ఫ్లాటు. నేనూ మా ఆయనా పొద్దున్న తొమ్మిదింటికి బయటపడితే ఆరు దాటాకే ఇంటికి రావడం. మావయ్యగారు ఇంట్లోనే ఉంటారు గానీ మోకాళ్ల నొప్పులు, దాన్ని కిందకి తీసుకెళ్లలేరు. ఆర్నెల్ల నుంచి ఇది తలుపు చట్రం కొరుకుతోంది, సోఫా మూల పీకేసింది, మధ్యాహ్నం లిఫ్టు చప్పుడు వినబడితే చాలు ఒకటే అరుపులు. డాక్టరుకి చూపిస్తే ఒంట్లో ఏ లోపమూ లేదు, బుర్రకి పని లేక ఇలా చేస్తోంది, రోజూ పెట్టే తిండినే వెతుక్కుని తినేలా పెట్టి చూడండి అన్నారు.

పాత తువ్వాలు ఒకటి పరిచి, అందులో డ్రై ఫుడ్ గింజలు చల్లి వదులుగా చుట్టి దాని ముందు పెట్టాను. గిన్నెలో పోస్తే నిమిషం కూడా పట్టనిది, ఆ రోజు పదకొండు నిమిషాలు పట్టింది. ముందు కాలితో గీరింది, కుదరలేదు. తర్వాత ముక్కు కొసని మడత కిందకి దూర్చి, ఫుస్ ఫుస్ మంటూ నెట్టుకుంటూ పోయి, ఒక్కో గింజ బయటపడగానే తిని మళ్లీ దూర్చింది. అయ్యాక గుమ్మం దగ్గర పడి నిద్రపోయింది, నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మావయ్యగారికి మాత్రం ఇది అస్సలు నచ్చలేదు. "పెట్టేవాళ్లు పళ్లెంలో పెట్టాలమ్మా, నేల మీద జల్లి ఏరుకోమనడం ఏంటి, అది మన ఇంటి పిల్ల కాదూ" అన్నారు. మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తీసే మనిషి ఆయన. ఆ మాట పక్కన పెట్టేయలేకపోతున్నాను. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారు? ఇలా పెట్టడం దాన్ని ఏడిపించడం అవుతుందా?

పాతకాపు (గోపాలపట్నం):
మీ మావయ్యగారి మాటే నాదీ. ముప్పై ఏళ్లకు పైగా అల్సేషియన్లని పెంచాను, ఇప్పుడున్నది నాలుగోది. అదే చోటు, అదే గిన్నె, అదే టైము. పెట్టాక ఎవరూ దాని దగ్గరికి వెళ్లకూడదు, మా ఇంట్లో అదే పద్ధతి. ఒక్కటి కూడా తలుపు కొరకలేదు. ఎందుకంటే పొద్దున్నా సాయంత్రం గంటేసి చొప్పున తిప్పేవాణ్ణి. మీరు కోప్పడినా సరే చెబుతున్నాను, కుక్కకి కావలసింది మన కాళ్లు, మన టైము. అది ఇవ్వలేక తువ్వాలు చుట్టి ఇస్తే దానికి సరిపోదు.

ఇంకోటి. మా వీధిలో ఒక కుర్రాడు వాళ్ల కుక్కకి చపాతీ ముక్క చూపించి పైకెత్తడం, అది ఎగిరితే ఇంకా పైకెత్తడం, ఇలా రోజూ ఆడేవాడు. ఒకరోజు చెయ్యి పట్టేసింది. నాలుగు కుట్లు, ఇంజెక్షన్లు. చివరికి కుక్కని ఎవరికో ఇచ్చేశారు, తప్పు కుర్రాడిది, శిక్ష కుక్కకి. నోటికాడ కూడుతో ఆటలొద్దు.

ల్యాబ్‌నాన్న (మధురవాడ):
బాబాయ్‌గారూ, తిప్పాలన్న మాటకి పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఆ కుర్రాడు చేసిందీ జున్ను చేసిందీ ఒకటి కాదండి. అక్కడ తిండి మనిషి చేతిలో ఉంది, ఇవ్వడం ఇవ్వకపోవడం వాడిష్టం, కుక్క ఎంత ఎగిరినా లాభం లేదు. తువ్వాల్లో ఉన్న గింజలు అప్పటికే దానివైపోయాయి, మధ్యలో ఎవరూ లేరు, ముక్కు దూరిస్తే దొరుకుతాయి. ఏడిపించడం అంటే నా దృష్టిలో దొరకకుండా చెయ్యడం.

మా ల్యాబ్, అదే లాబ్రడార్, సంగతి చెబుతాను. ముప్పై నాలుగు కిలోలు. గిన్నె కింద పెట్టడం ఆలస్యం, నమలకుండా మింగేసి, పది నిమిషాలకి మొత్తం కక్కేసేవాడు. కక్కింది మళ్లీ తినబోయేవాడు. ల్యాబ్‌లకి ఆకలి తీరదని ఊరికే అనరు, 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు పరిశోధించి చూస్తే దాదాపు నాలుగింట ఒక ల్యాబ్‌లో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లేదని తేలింది, అది లేనివాటికి తిండి యావ ఎక్కువ, బరువూ ఎక్కువ. అలాంటి కుక్కకి గిన్నెడు తిండి ఒక్కసారిగా ముందు పెట్టడం ప్రేమ అనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు లోపల గోడలున్న స్లో ఫీడర్ గిన్నె, లేదంటే వరండాలో పొడి నేల మీద చల్లడం. కక్కడం ఆగింది.

మీ అల్సేషియన్ల లాంటి లోతు ఛాతీ కుక్కలకి గబగబా తినడం ఇంకో రకంగా ప్రమాదం. పొట్ట ఉబ్బి మెలిపడిపోయే జబ్బుకి అది ఒక కారణమని డాక్టర్లు చెబుతారు. అది వస్తే గంటల్లో ఆపరేషన్ చెయ్యాలి, లేకపోతే ప్రాణం దక్కదు. అందుకని నెమ్మదిగా తినిపించడం అనేది కేవలం కాలక్షేపం కాదు.

జున్నువాళ్ళమ్మ గారూ, ఒక్క జాగ్రత్త. వెతికించడానికి పెట్టేది రోజు తిండిలోంచే తీయండి, అదనంగా వద్దు. ట్రీట్లు రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదని లెక్క.

వీధికుక్కలకి అన్నం (చినవాల్తేరు):
రెండు పక్షాల వాళ్లూ అన్ని కుక్కలూ ఒకేలా తింటాయనుకుని మాట్లాడుతున్నారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికిన కుక్కపిల్ల ఒకటి రెండేళ్ల కిందట మా ఇంటికొచ్చింది, డొక్కలు లెక్కపెట్టేలా ఉండేది. అందరూ చెప్పారని రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇచ్చాను. అది తీసుకుని మంచం కిందకి దూరింది. నాకడం లేదు, ఆడడం లేదు. బొమ్మ మీద గడ్డం ఆనించి, ఒళ్లంతా బిగబట్టుకుని, కనుగుడ్లు పక్కకి తిప్పి నన్నే చూస్తూ రెండు గంటలు. మా అమ్మాయి అటు నడిస్తే గుర్రుమంది. ఆకలి తెలిసిన కుక్క అది, దొరికింది ఎవరైనా లాక్కుంటారేమో అన్న టెన్షన్ తప్ప దానికి అందులో ఆట ఏముంది?

ఆ బొమ్మ తీసేశాను. తీసేశాను అంటే లాక్కోలేదు, గదిలో ఇంకోవైపు ఉడికించిన కోడి ముక్కలు వేస్తే అది అటు వెళ్లింది, అప్పుడు తీశాను. మూడు నెలలు బాబాయ్‌గారు చెప్పినట్టే అదే చోటు, అదే గిన్నె, అదే టైము. రోజూ వస్తుంది, ఎవరూ తీసుకోరు అని దానికి నమ్మకం కుదిరాక, గిన్నె పక్కనే నేల మీద నాలుగు గింజలు కళ్లకి కనబడేలా వేయడంతో మొదలుపెట్టాం. ఇప్పుడు పెరట్లో మామిడి చెట్టు చుట్టూ చల్లితే తోక ఊపుకుంటూ ఏరుకుంటుంది.

కాబట్టి ముందు మీ కుక్కని చూడండి. ఒళ్లు వదులుగా ఉండి తోక తేలిగ్గా కదులుతుంటే సరే. బిగుసుకుపోయినా, మీ వంక మొరిగినా, వదిలేసి వెళ్లిపోయినా అది మీరు పెట్టిన తీరు తప్పని చెప్పడమే. ఇంట్లో రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో, తలుపులేసి పెట్టండి, ఇందులో మినహాయింపు లేదు.

చదువరి (ఎంవీపీ కాలనీ):
దీని మీద జరిగిన పరిశోధన కొంత చదివాను, అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. 1963లో జెన్సెన్ అనే ఆయన ఎలుకలతో చేశారు. ఒకపక్క గిన్నెలో తిండి ఉచితంగా ఉంది, ఇంకోపక్క మీట నొక్కితే తిండి పడుతుంది. గిన్నె అందుబాటులో ఉన్నా చాలా ఎలుకలు వెళ్లి మీట నొక్కి తిన్నాయి. తర్వాత ఎన్నో జంతువుల్లో ఇలాగే కనబడింది, పిల్లులు మాత్రం పెద్దగా ఒప్పుకోలేదు. ఇది చూపించి కుక్కలు కూడా కష్టపడి తినడాన్నే కోరుకుంటాయి అని చాలామంది రాసేస్తున్నారు, అది సరికాదు. 2024లో పెంపుడు కుక్కల ముందు ఉత్తి పళ్లెం, స్నఫుల్ మ్యాట్ (తిండి దాచి వెతికించే గుడ్డ పీలికల చాప) రెండూ పెట్టి చూశారు. కుక్కలు మ్యాట్‌లో వెతకడానికి సిద్ధమే గానీ, పళ్లెం వదిలేసి దానికేసే మొగ్గలేదు. ఆ మేరకి బాబాయ్‌గారి మాట, మావయ్యగారి మాట నిలబడుతుంది. గిన్నెలో పెడితే కుక్కకి అన్యాయం జరిగినట్టు కాదు.

అయితే 2019లో డ్యూరాంటన్, హొరోవిట్జ్ అనే ఇద్దరు చేసిన పని నన్ను ఇంకోవైపు లాగింది. కొన్ని కుక్కలకి రెండు వారాలు వాసనతో తిండి వెతికే పని ఇచ్చారు, మిగతావాటికి యజమాని పక్కనే నడిచే శిక్షణ ఇచ్చారు. రెండో గుంపుకి కూడా తిండి బహుమతిగా దక్కింది, యజమానితో గడిపే టైమూ దక్కింది. ఆ తర్వాత, తిండి ఉందో లేదో తేలని చోట గిన్నె పెట్టి ఎంత త్వరగా వెళతాయో చూశారు. వాసన పట్టిన కుక్కలు ముందుకన్నా త్వరగా వెళ్లాయి, అంటే దొరుకుతుందన్న ఆశ పెరిగింది. రెండో గుంపులో ఆ మార్పు లేదు. నాకు ముఖ్యమనిపించింది ఇదే. మన ముక్కులో వాసన గ్రాహకాలు యాభై అరవై లక్షలైతే కుక్కకి ఇరవై కోట్ల పైమాటే. అంత ముక్కున్న ప్రాణిని ఫ్లాట్లో ఫినాయిల్ వాసన మధ్య రోజంతా ఉంచుతున్నాం.

నడకలో కూడా ఇదే అడుగుతాను. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే చూస్తుంటాను, కుక్క స్తంభం దగ్గర ఆగితే చాలు గొలుసు పట్టి ఈడ్చేస్తారు. ఆగనివ్వండి. దానికి అది పేపరు చదవడం లాంటిది.

పాతకాపు (గోపాలపట్నం):
మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆగనివ్వాలన్నది నిజం. నేనూ నడక అంటే నడకే అని లాక్కెళ్లిన రోజులున్నాయి, అది నా పొరపాటే.

గిన్నె మాత్రం మార్చను. మా వాడికి పన్నెండేళ్లు, కళ్లు సరిగా ఆనవు, వెనక కాళ్లు తేలిపోతున్నాయి. ఈ వయసులో వాడు నేల మీద తడుముకుంటూ తినడం నేను చూడలేను. తప్పంటే తప్పనండి.

ల్యాబ్‌నాన్న (మధురవాడ):
తప్పని ఎవరంటారండి. గిన్నె ఉంచండి. మధ్యలో ఎప్పుడైనా, వాడు పడుకున్న చోటికి మూరెడు దూరంలో, జారని గోనెపట్టా మీద రెండు మూడు ముక్కలు వేసి చూడండి, లేవనవసరం లేకుండా. చూపు పోయినా ముక్కు ఉంటుంది కదా.

రెండు కుక్కల ఇల్లు (ఉక్కునగరం):
మంచీ చెడూ అందరూ మాట్లాడారు, నేను వంటింటి సంగతి చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ప్రమాదాలు జరిగేది.

ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన ఏ కూరా వద్దు, మనం తీసిపెట్టే సాంబారన్నంతో సహా. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలే వద్దు. పీనట్ బటర్ కొంటే డబ్బా మీద జైలిటాల్ అని ఉందేమో చూసి కొనండి, ఆ తీపి పదార్థం కుక్కకి విషం. ఉడికిన ఎముక చీలికలై పేగుకి గుచ్చుకుంటుంది. ఎండు నెత్తళ్లు వాసనకి బ్రహ్మాండం, కానీ ఉప్పు పట్టించినవి ఇవ్వకండి, ఉప్పు లేకుండా ఎండబెట్టినవి దొరికితే ఒకటి నాలుగు ముక్కలు చేస్తే చాలు, ఒక గది మొత్తం వెతుకుతుంది. కొబ్బరి చిప్పలో పెరుగన్నం గడ్డకట్టించి ఇచ్చేవాళ్లున్నారు, మా చిన్నవాడు చిప్పనే పటపట కొరికి ముక్కలు మింగబోయాడు, అప్పటినుంచి చిన్న స్టీలు గిన్నెలోనే గడ్డకట్టిస్తున్నాను.

ఇక మన విశాఖ ఉక్కపోత. స్నఫుల్ మ్యాట్ అన్నారు కదా, ఆ గుడ్డ పీలికల మ్యాట్ ఉతికితే ఆగస్టులో మూడు రోజులకి గానీ ఆరదు, ఆరకుండా వాడితే ముక్కిన వాసన. దానికన్నా పలచటి తువ్వాలే నయం, సాయంత్రానికి ఆరిపోతుంది. చీమల సంగతి కూడా చెప్పాలి, ఒక్క గింజ సోఫా కింద మిగిలితే తెల్లారేసరికి ఎర్రచీమల బారు. గింజలు లెక్కపెట్టి వేసి, తిన్నాక తువ్వాలు దులిపి మిగిలినవి తీసేయండి. చల్లడం ఇష్టం లేకపోతే, చీమలు పట్టకుండా వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో గిన్నె పెట్టండి, మా అమ్మ పాలగిన్నెకి చేసినట్టు.

జున్నువాళ్ళమ్మ (సీతమ్మధార):
మూడు వారాలైంది, జరిగింది చెబుతాను. అన్నం మాత్రం నేల మీద వేయడం లేదు. మావయ్యగారు మధ్యాహ్నం పెట్టే పెరుగన్నం ఆయన చేత్తోనే, దాని గిన్నెలోనే. పొద్దున్న డ్రై ఫుడ్ మాత్రం తువ్వాల్లో. దీనికి ఆయన ఊఁ అనలేదు, వద్దనలేదు. సాయంత్రం నడకలో అది ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతున్నాను, మునుపు తిరిగిన దూరంలో సగం కూడా పోవడం లేదు.

ఒకరోజు ఇంకాస్త కష్టంగా ఉంటే బాగుంటుందని తువ్వాలుకి ముడి వేశాను. రెండుసార్లు లాగింది, నా వంక చూసి ఒక్క మొరుగు మొరిగి వెళ్లిపోయింది. చినవాల్తేరు వాళ్లు రాసింది గుర్తొచ్చి వెంటనే ముడి విప్పాను. దానికి అందేలా పెట్టడమే నా పని అని ఆ రోజు అర్థమైంది.

తలుపు చట్రం జోలికి ఈ మూడు వారాల్లో ఒక్కసారే వెళ్లింది. లిఫ్టు చప్పుడుకి అరవడం మాత్రం ఏమీ తగ్గలేదు. పక్క ఫ్లాటు వాళ్లింట్లో పసిపిల్ల ఉంది, వాళ్లు మర్యాదస్తులు కాబట్టి ఊరుకుంటున్నారు. దీనికేమైనా దారి ఉందా?

పాతకాపు (గోపాలపట్నం):
ఉంది. మా రెండోది రైలు కూతకి ఇలాగే అరిచేది. మీ మావయ్యగారు కూర్చునే కుర్చీ పక్కన దాని గిన్నె పెట్టండి, చిన్న డబ్బాలో పొద్దుటి గింజల్లోంచి ఒక గుప్పెడు తీసి ఆయనకివ్వండి. లిఫ్టు చప్పుడు వినబడిన మరుక్షణం, అది నోరు తెరిచేలోపే, ఒక్క గింజ గిన్నెలో టంగుమని వేయాలి. అరిచాక వేసినా నష్టం లేదు, కానీ ముందే వేస్తే త్వరగా తెలుస్తుంది. చప్పుడు, గింజ. ప్రతిసారీ. కొన్నాళ్లకి లిఫ్టు మోగితే తలుపు వైపు కాకుండా గిన్నె వైపు తిరుగుతుంది. లేవక్కర్లేదు, నేల మీద వేయక్కర్లేదు, ఆయన కాదనరు.

జున్నువాళ్ళమ్మ (సీతమ్మధార):
రేపు పొద్దున్నే డబ్బా నింపి కుర్చీ పక్కన పెట్టి వెళతాను బాబాయ్‌గారూ. ఎన్నిసార్లు మోగిందో, ఎన్నిసార్లు అరిచిందో క్యాలెండరు మీద గీతలు పెట్టమంటాను, ఆయనకి లెక్కలు రాయడం అలవాటే.