‘పోవాల్సొచ్చింది’, ‘పోవాల్సింది’, ‘పోయుండాల’: ఇంగ్లీషులో ఏది ఏమవుతుంది?

ప్రశ్న (కావలి): డిగ్రీ చివరి ఏడాది పిల్లలు. ఇంగ్లీషు బాగానే రాస్తారు. హాడ్ టు, షుడ్ హావ్, మస్ట్ హావ్ దగ్గర మాత్రం కలగాపులగం. రూల్ అప్పజెబుతారు, మాట్లాడేటప్పుడు మళ్లీ మామూలే. ఎట్టా చెప్పాల?

జవాబు 1: ఆ తేడా వాళ్ల నోట్లో ముందే ఉంది మేడమ్, అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. బోర్డు మీద మూడే వాక్యాలు రాసి, ఒక్కోదానికి ‘పోయాడా?’ అని మాత్రం అడగండి.

నిన్న ఒంగోలు పోవాల్సొచ్చింది. పోయాడు, తప్పక పోయాడు: హాడ్ టు గో.
నిన్న ఒంగోలు పోవాల్సింది. పోలా: షుడ్ హావ్ గాన్.
ఒంగోలు పోయుండాల. చూడలా, ఊహిస్తున్నాం: మస్ట్ హావ్ గాన్.

జవాబు వాళ్ల నోటి నుంచి వచ్చాకే ఇంగ్లీషు రాయండి. ముందే రాస్తే మళ్లీ బట్టీయే.

జవాబు 2: రెండో వాక్యంలో ఒక మెలిక ఉంది. ‘నిన్న పోవాల్సింది, బస్సు రాలా’ అంటే అందులో తప్పుపట్టడం లేదు, అనుకున్న పని జరగలేదంతే. అక్కడ వాజ్ సపోజ్డ్ టు గో అనాలి. షుడ్ హావ్ అంటే ‘పోకుండా తప్పు చేశాడు’ అనే నిష్ఠూరం ధ్వనిస్తుంది. పైస్థాయి పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే, దీనికి ఒక పూర్తి క్లాసు ఇచ్చినా దండగ కాదు.

మస్ట్ హావ్‌కి ఆధారం చూపించే అభ్యాసం పెట్టండి. సింగరాయకొండ స్టేషన్, ప్లాట్‌ఫారం ఖాళీ, బెంచీ మీద సగం తాగిన టీ, గ్లాసు ఇంకా వేడిగానే ఉంది. ‘బండి ఇప్పుడే పోయుండాల.’ ఆధారం ఒక వాక్యం, ఊహ ఒక వాక్యం, ఇట్టాంటివి జతగా ఆరు రాయించండి.

జవాబు 3: వ్యతిరేకార్థం మరవొద్దు. ‘పోకూడదు’ మస్ట్ నాట్, ‘పోనక్కర్లా’ డోంట్ హావ్ టు. మస్ట్, హావ్ టు రెండూ ‘పోవాల’ అనే నేర్చుకున్నారు గనక నాట్ చేరినా ఒకటే అనుకుంటారు. ‘పోయుండడు’ అనేదానికి కాంట్ హావ్ గాన్ నేర్పండి. అమెరికా వాళ్లు మస్ట్ నాట్ హావ్ కూడా అంటారు, దాన్ని తప్పని కొట్టేయొద్దు.

పలికించేటప్పుడు ‘మస్టవ్ గాన్’ అని ఒక్క ఊపులో, బరువు గాన్ మీద. అట్టా విన్నదాన్ని ‘మస్ట్ ఆఫ్’, ‘షుడ్ ఆఫ్’ అని రాసేవాళ్లుంటారు. ‘మస్ట్ హావ్ వెంట్’ కూడా వస్తుంది. హావ్ తర్వాత మూడో రూపమే రావాలని ఆ పూటే దిద్దండి.