డికాక్షన్ ఎందుకు దిగదు అన్న ప్రశ్న మీద పనిచేస్తానంటే ఎవరైనా ఫండింగ్ ఇస్తారా?

తెనాలి_కాఫీ (ప్రశ్న)

కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది రెండో ఏడు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్) ఉంది. 2023 జనవరి నుంచి నెలకు 37,000 చేశారు, అంతకుముందు 31,000 ఉండేది, వినడానికి బాగానే ఉంటుంది. కానీ మాకది నెలనెలా రాదు. పోయినసారి అయిదు నెలలది ఒకేసారి పడింది, అప్పటిదాకా నాన్నని అడిగి మెస్ బిల్లు కట్టాను. ఇరవై ఏడేళ్లొచ్చాక ఇంటికి ఫోన్ చేసి డబ్బులడగడం ఎంత కష్టమో ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది.

అసలు విషయానికి వస్తాను. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు పొద్దున్నే అమ్మ ఫిల్టర్‌ని గరిటెతో తడుతూ "ఇవాళ డికాక్షన్ దిగట్లేదురా" అంది. అదే ఫిల్టర్, అదే కొట్లో పొడి, నిన్న చక్కగా దిగింది. రెండేళ్లుగా నేను చదువుతున్నది ప్యాక్డ్ బెడ్‌ల (గింజలు కూరిన గొట్టాల) గురించే, వాటిలోంచి నీళ్లు ఎలా దిగుతాయో లెక్కగట్టే ఎర్గన్ సమీకరణం నిద్రలో లేపి అడిగినా చెప్తాను, కానీ అమ్మకి మాత్రం సరైన జవాబు చెప్పలేకపోయాను. పుస్తకంలో గింజలు గట్టిగా, గుండ్రంగా ఉండి ఉన్నచోటే ఉంటాయి. కాఫీ పొడి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, మెత్తటి నలుసులు కిందికి జారతాయి, చికోరీ కొంత కరిగిపోతుంది, పైన నీళ్లు చల్లారుతుంటాయి. ఇవన్నీ ఒకేసారి జరుగుతుంటే నీళ్లు ఎంత వేగంగా దిగుతాయి అన్నది నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

మా గైడ్‌తో చెప్పాను. "ప్రశ్న బాగుంది, కానీ ప్రపోజల్ రాస్తే ఎవరూ ఇవ్వరు, బ్యాటరీలో హైడ్రోజనో రాయి" అన్నారు. నా మంచికే చెప్పారు, ఆయన మీద నాకు కోపం లేదు. ఇలాంటి ప్రశ్నల్ని ఇంతటితో వదిలేయాలా? ఫీల్డులో ఉన్న పెద్దవాళ్లు ఏమంటారు?

కొలమానం_టీచర్

బాబూ, ఇరవై ఆరేళ్లుగా ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. వదిలేయొద్దు. కానీ దాన్ని ప్రపోజల్‌గా రాయడానికి కూడా తొందరపడొద్దు, ముందు కొలువు.

కొలవడానికి నీకు దమ్మిడీ అక్కర్లేదు. ఫిల్టర్ కింది గిన్నె తీసేసి పై గిన్నెని ఒక రింగు మీద పెట్టు, కింద కొలజాడీ పెట్టు. ఇలా చేస్తే కింది గిన్నెలో గాలి బిగుసుకుపోయి ఆపిందేమో అన్న అనుమానం ముందే పోతుంది (చాలా ఇళ్లలో అసలు కారణం అదే, పై గిన్నె కాస్త ఎత్తి పెట్టగానే దిగుతుంది). తర్వాత నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు దిగాయో రాసుకో, నీటి ఎత్తు రాసుకో, వేడి రాసుకో. 90 డిగ్రీల నీళ్లకీ 30 డిగ్రీల నీళ్లకీ చిక్కదనంలో రెండున్నర రెట్లు తేడా ఉంటుంది, ఆమేరకు చల్లారిన కొద్దీ నెమ్మదించాల్సిందే. ఎత్తు తగ్గితే తోసే బలం తగ్గుతుంది. ఈ రెండూ తీసేశాక కూడా ఏమైనా మిగిలితే అది పొడి లోపల జరుగుతున్నది, నీ అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది. పొడి సైజు సగమైతే ప్రవాహం నాలుగో వంతుకి పడుతుందని నీకు తెలుసు కదా, మరి మెత్తటి నలుసులన్నీ అడుగున చేరితే ఏమవుతుందో ఊహించు.

హెన్రీ డార్సీ 1856లో రాసింది కూడా ఇదే. ఆయన దిజోన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజినీరు, ఇసుక నింపిన గొట్టంలోంచి నీళ్లు ఎంత దిగుతున్నాయో కొలిచి ఆ నీటి సరఫరా రిపోర్టుకి అనుబంధంగా పెట్టాడు. ఇవాళ బోరుబావి దగ్గర్నుంచి చమురు బావి దాకా అందరూ వాడేది ఆ అనుబంధంలో ఉన్న సూత్రాన్నే. జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అనే ఆవిడని, ఆడవాళ్లకి అప్పట్లో యూనివర్సిటీ తలుపులు తెరవలేదు కాబట్టి, ఇంట్లోనే ఉంచారు. ఆవిడ అంట్లు తోమే నీళ్ల మీద జిడ్డు ఎలా పరుచుకుంటుందో చూసి, వంటింటి సామాన్లతోనే తలతన్యత కొలిచే తొట్టి చేసుకుంది. 1891లో ఇంగ్లండ్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే ఆయన దాన్ని నేచర్ పత్రికలో వేయించాడు. నాకు ఆవిడంటే చాలా గౌరవం, ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో చెబుతాను.

మీ గైడ్ మాటలోనూ నిజముంది. ప్రపోజల్ ఫారం ఏ ఆరు నెలల్లో ఏం కనుక్కుంటావో ముందే రాయమంటుంది. తెలియనిదాన్ని తెలుసుకోవడానికి అడుగుతున్న డబ్బుకి అది పెట్టాల్సిన షరతు కాదని నేను కమిటీల్లో కూర్చున్నప్పుడు కూడా చెప్పాను. మన దేశం పరిశోధన, అభివృద్ధి మీద పెట్టింది 2020-21లో జీడీపీలో 0.64 శాతం, అదే సమయానికి చైనా 2.4 దాకా పెడుతోంది. ఉన్నదే కొంచెం అయినప్పుడు ఇచ్చేవాళ్లకి భయం ఎక్కువ, ఆ భయంతోనే పేరున్న టాపిక్‌ల వైపు వెళ్తారు.

పన్ను_కట్టేవాడు

మేడమ్, తప్పుగా అనుకోకండి. నాది సైన్స్ కాదు, చిన్న వ్యాపారం. మా ఊళ్లో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు. ప్రభుత్వం దగ్గర డబ్బు తక్కువుందని మీరే అంటున్నారు. అలాంటప్పుడు కాఫీ డికాక్షన్ మీద పరిశోధన అంటే నాలాంటివాడికి మింగుడుపడదు. ముందు నీళ్ల సంగతి చూడాలి కదా?

కొలమానం_టీచర్

తప్పేం లేదండీ, అడగాల్సిన ప్రశ్నే. నీళ్ల మాట ఎత్తారు కాబట్టి నాకు జరిగింది చెప్తాను.

మన దగ్గర ఫ్లోరైడ్ బాధ పాతది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు గుర్తించి రాశారు. 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి చేసి దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. తాగేనీటిలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. చాలా ఏళ్ల కిందట నల్గొండ వైపు ఒక ఊళ్లో యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ని పట్టుకునే గింజలు) నింపిన ఫిల్టర్ పెట్టే ప్రాజెక్టు నాకు వచ్చింది. ప్రపోజల్‌లో గ్రాము అల్యూమినా ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పట్టుకుంటుందో రాశాం, ఆ లెక్క బాగానే నిలబడింది, రిపోర్టులోనూ అదే చూపించాం. ఆరు నెలల తర్వాత ఊరికెళ్తే ఫిల్టర్ పక్కన పడి ఉంది. ఎందుకమ్మా వాడట్లేదు అంటే ఒకావిడ "బిందె నిండనీకి గంట పడుతది మేడమ్, అంతసేపు ఎవలు నిలబడతరు" అంది.

పట్టిన ఫ్లోరైడ్ వదిలించడానికి కాస్టిక్ సోడాతో మళ్లీ మళ్లీ కడిగినప్పుడు అల్యూమినా గింజలు రాపిడికి అరిగి నలుసులైపోయాయి. ఆ నలుసులు అడుగున చేరి దారి మూసేశాయి. విప్పి చూస్తే కింది నాలుగు వేళ్ల మందం తెల్లటి పేస్టులా వేలికి అంటుకుంది. ఇప్పుడు చెప్పండి, ఈ అబ్బాయి వాళ్లమ్మ ఫిల్టర్‌లో జరిగిందీ అక్కడ జరిగిందీ వేరువేరా? నీళ్లు ఎంత వేగంగా దిగుతాయన్న ప్రశ్న మా ప్రపోజల్‌లో ఒక్క లైను కూడా లేదు. నేనూ అడగలేదు. అడిగి ఉంటే మొదటి రోజే గింజని జల్లించి, కింది నుంచి నీళ్లు తోసి కడిగే ఏర్పాటు పెట్టేవాళ్లం. అది నా తప్పే, ఇప్పటికీ బాధపడతాను.

ఇంకొకటి. రెండో ఇన్‌స్టాల్‌మెంట్ తొమ్మిది నెలలు ఆలస్యంగా వచ్చింది. యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో చూపించే పత్రం) పంపించాం, మళ్లీ అడిగారు, మళ్లీ పంపించాం. ఈలోపు నమూనాలు తెచ్చే కుర్రాడు జీతం లేక వేరే పనికి వెళ్లిపోయాడు. వానలు పడ్డప్పుడు బావుల్లో ఫ్లోరైడ్ ఎలా మారుతుందో చూడాల్సిన ఏడాది అది, ఆ వానాకాలం లెక్కలు మా దగ్గర లేవు. తర్వాత మార్చి 31 లోపల మొత్తం ఖర్చు పెట్టమని ఫోన్లు. డబ్బు ఎంత అన్నదానికంటే ఎప్పుడు వస్తుందన్నది పనిని ఎక్కువ పాడుచేస్తుంది, ఇది నేను చూసి చెబుతున్న మాట.

జీడిమెట్ల_నైట్‌షిఫ్ట్

టీచర్ గారి పోస్టు చదివి లాగిన్ అయ్యాను. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్రొడక్షన్‌లో పదకొండేళ్లు. తమ్ముడూ, నీ డికాక్షన్ మా దగ్గర రోజూ ఆగుతుంది. ఒక రాత్రి మూడు గంటల్లో అవ్వాల్సిన ఫిల్ట్రేషన్ పద్నాలుగు గంటలు పట్టింది. రియాక్టర్‌ని ఎవరో తొందరపడి ఒక్కసారిగా బ్రైన్‌తో (చల్లటి ఉప్పునీళ్లతో) చల్లార్చారు, క్రిస్టల్స్ పెరగడానికి టైం లేక పొడిపొడిగా వచ్చాయి, ఏఎన్‌ఎఫ్‌లో (ఒత్తిడితో వడకట్టే ఫిల్టర్‌లో) కేక్, అంటే పేరుకున్న క్రిస్టల్స్ ముద్ద, గోడలా తయారైంది. నైట్రోజన్ ప్రెషర్ పెంచితే కేక్ ఇంకా నొక్కుకుపోయి మదర్ లిక్కర్ (క్రిస్టల్స్ పోగా మిగిలిన ద్రవం) దిగడం ఇంకా తగ్గింది. తెల్లారేదాకా దాని పక్కనే నిలబడ్డాను. తర్వాతి బ్యాచ్ నెమ్మదిగా చల్లార్చి, వంద మైళ్లు నడిచొచ్చినవాడిలా కాకుండా హాయిగా ఇంటికెళ్లాను.

నొక్కితే ఇంకా బిగుసుకునే బెడ్‌లో నలుసులు ఎలా జరుగుతాయో సరిగ్గా చెప్పగలిగితే కంపెనీలు నిన్ను పిలుస్తాయి. మాకు థియరీ చెప్పేవాళ్లు ఉన్నారు, వచ్చి కేక్ తవ్వి చూసేవాళ్లు తక్కువ. గైడ్‌ని తీసుకుని ఏదైనా ప్లాంట్‌కి వెళ్లి అడుగు.

మంచు_ఊరి_పోస్ట్‌డాక్

అమెరికా వస్తే ఇవన్నీ తీరిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకు. 2025లో ఎన్‌ఎస్‌ఎఫ్ (అక్కడ సైన్స్‌కి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ) వెయ్యికి పైగా గ్రాంట్లు నడిమధ్యలో ఆపేసింది. దాదాపు 9 బిలియన్ డాలర్ల బడ్జెట్‌ని 3.9కి తగ్గించాలని ప్రతిపాదన కూడా వచ్చింది. మా పక్క ల్యాబ్‌లో ఇద్దరు విద్యార్థులు ప్రాజెక్టు మార్చుకోవాల్సి వచ్చింది, ఆ టెన్షన్ దగ్గర్నుంచి చూశాను. ఇక్కడ ఒకటి మాత్రం నాకు బాగా నచ్చింది. వెయ్యి డాలర్ల పంపు కావాలంటే వారంలో వస్తుంది. మన దగ్గర నా ఎంటెక్ రోజుల్లో మూడు కొటేషన్లు, పోర్టల్, సంతకాలు అయ్యేసరికి సెమిస్టర్ అయిపోయింది. 2025 జూన్‌లో సైంటిఫిక్ పరికరాల కొనుగోలు రూల్స్ కొంత సడలించారని విన్నప్పుడు నిజంగా సంతోషం వేసింది.

తెనాలి_కాఫీ

అందరికీ చాలా థాంక్స్. టీచర్ గారూ, మీరు చెప్పినట్టే ఆదివారం ల్యాబ్‌లో చేశాను.

అయిదో నిమిషంలో నిమిషానికి 12 మిల్లీలీటర్లు దిగింది, ఇరవయ్యో నిమిషానికి ఒకటిన్నరకి పడిపోయింది. అంటే ఎనిమిది రెట్లు. ఈలోపు నీళ్ల ఎత్తు సగమైంది, అది రెండు రెట్లు. వేడి 86 నుంచి 58కి వచ్చింది, చిక్కదనం లెక్కేస్తే ఒకటిన్నర రెట్లు. రెండూ కలిపి మూడు రెట్లు, మిగతాది పొడి లోపలే. నమ్మకం కుదరక మళ్లీ వేడినీళ్లు మొదటి ఎత్తు దాకా పోశాను. 12కి రాలేదు, నాలుగున్నర దగ్గర ఆగింది.

తర్వాత ముద్దని తిరగేసి బ్లేడుతో అడ్డంగా కోశాను. పైభాగం గరగరలాడుతోంది. అడుగున రెండు మిల్లీమీటర్లు మాత్రం మెత్తగా, వేళ్ల మధ్య రుద్దితే పసుపు ముద్దలా ఉంది. ఫోటో తీసి గైడ్‌కి పంపిస్తే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "చికోరీ లేని పొడితో కూడా చేశావా?" అని అడిగారు. రేపు చేస్తున్నాను. పొడి ముందే జల్లించి సన్నదంతా తీసేసి ఇంకోసారి చేయాలి. జీడిమెట్ల అన్నా, మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.