కెన్యాలో మన కాకుల్ని చంపడం సబబేనా?

గోదారి అబ్బాయి: కెన్యా కోస్తాలో పది లక్షల కాకుల్ని చంపుతామని అక్కడి వన్యప్రాణి సంస్థ 2024లో ప్రకటించింది కదా, అవి వేరే ఏవో కావు, మన పెరట్లో తిరిగే బూడిదరంగు మెడ కాకులే. చెత్త తింటాయని 1890ల్లో కెన్యాకి దగ్గర్లోని జాంజిబార్ దీవికి తీసుకెళ్లింది మనుషులే, ఇప్పుడు ఎక్కువైపోయాయని విషం పెట్టేదీ మనుషులేనా? ఇది అన్యాయం.

మొంబాసా తెలుగోడు: తమ్ముడూ, నేనుండేది ఇక్కడే, కెన్యా కోస్తాలోని మొంబాసా నగరంలో. మా వీధి చివర చెట్టు నిండా గిజిగాడి జాతి పిట్టల గూళ్లు వేలాడేవి. కాకి వచ్చి కొమ్మ పట్టుకుని కిందికి వంగి, గూటి పక్కభాగంలోని గడ్డిపోచల్ని ఒక్కొక్కటే పీకి, చిల్లు పడగానే ముక్కు దూర్చి పిల్లని లాగేస్తుంది, తల్లి చుట్టూ తిరిగి అరుస్తూనే ఉంటుంది. అది అయ్యాక పక్క గూడు. ఇప్పుడా చెట్టు మీద ఒక్క గూడు లేదు. మన దగ్గరైతే కోయిల కాకి గూట్లోనే గుడ్లు పెట్టి దాని సంతానాన్ని కొంతైనా తగ్గిస్తుంది, ఇక్కడ ఆ కోయిలే లేదు. ఈ పిట్టల తరఫున ఎవరు మాట్లాడాలి?

గోదారి అబ్బాయి: అయితే విషమేనా దారి? వేరే పక్షులు తిని చస్తే?

పక్షుల పిచ్చి: వాడే మందు స్టార్లిసైడ్ అనే పక్షుల విషం. మాంసంలో కలిపి పెడతారు, తిన్న కాకి కొన్ని గంటల తర్వాత గానీ చావదు, ఈలోపు మందు దాని ఒంట్లోనే చాలావరకు విరిగిపోతుంది కాబట్టి కళేబరం తిన్నవాటికి ప్రమాదం తక్కువ. ఆ ఆలస్యం ఇంకోదానికి కూడా పనికొస్తుంది. కళ్లముందే తోటి కాకి పడిపోతే మిగతావి ఆ ఎర జోలికే రావు, అంత తెలివి వాటికి. కానీ ఎరని వేరే పక్షి నేరుగా తింటే మాత్రం ముప్పే, అందుకే మనిషి కాపలా లేకుండా పెట్టకూడదు. యెమెన్‌కి చెందిన సొకోత్రా దీవిలో 2009కల్లా కాకుల్ని పూర్తిగా తీసేశారు, అయితే అవి కొద్దిగానే ఉండేవి, పైగా చుట్టూ సముద్రం. మొంబాసాలో డంపింగ్ యార్డులూ చేపల మార్కెట్ల వ్యర్థాలూ అలాగే ఉంచి ఎన్ని చంపినా, తిండి ఉన్నంతకాలం మిగిలినవి మళ్లీ పిల్లల్ని పెడుతూనే ఉంటాయి.

గోదారి అబ్బాయి: అదే కదా నేననేది, ముందు చెత్త ఎత్తమనండి.

మొంబాసా తెలుగోడు: ఎత్తాల్సిందే, నేనూ వార్డు ఆఫీసులో అదే అడుగుతున్నా. కానీ అది అయ్యేసరికి ఏళ్లు పడుతుంది, గూళ్లు పోయేది మాత్రం ఈ సీజన్‌లోనే. రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి తమ్ముడూ.