నవల తొలిప్రతి పూర్తయింది: ఇప్పుడే పంపాలా, ముందు దిద్దుకోవాలా?

ప్రశ్న

నా మొదటి నవల తొలిప్రతి పూర్తయింది. లక్ష పదాలకు పైగా వచ్చింది. చదివిన ఇద్దరు మిత్రుల్లో ఒకరు మధ్యభాగంలో నడక మందగించిందనీ, మరొకరు కథానాయిక చివర తీసుకునే నిర్ణయం నమ్మశక్యంగా లేదనీ అన్నారు. ఒక వాక్యం మారిస్తే దాని పక్క వాక్యాలూ మార్చవలసి వస్తున్నందువల్ల దిద్దుబాటు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇంతలో ఒక ప్రచురణ సంస్థ, ముద్రణ ఖర్చు నేను భరిస్తే వెంటనే పుస్తకం తెస్తామంటోంది. అందుకు ఒప్పుకోవచ్చా? లేక ఉన్నదున్నట్టుగా ఇతర సంస్థలకు పంపి సంపాదకుల అభిప్రాయం తెలుసుకోవడం మంచిదా?

మొదటి సమాధానం

ఇప్పుడే పంపకండి. ఒకసారి తిరస్కరించిన రాతప్రతిని, పైపైన సవరించి పంపితే సంపాదకులు మళ్లీ చదవడం అరుదు. పైగా తిరస్కరణకు కారణాలు చెప్పే తీరిక వారికి సాధారణంగా ఉండదు.

దిద్దుబాటును వాక్యాల దగ్గర మొదలుపెట్టడం వల్లనే మీకు దారి దొరకడం లేదని నా అభిప్రాయం. ప్రతిని కొన్ని వారాలు పక్కన పెట్టి, ఆ తరువాత ఏమీ మార్చకుండా మొదటినుంచి చివరిదాకా చదవండి. చదువుతూ ఒక్కో సన్నివేశానికి ఒక్కో వాక్యం రాసుకోండి: పాత్ర ఏం కోరి అందులోకి వచ్చింది, అది ముగిసేసరికి ఏం మారింది. ఆ వాక్యాలను వరుసగా చదివినప్పుడు వాటి మధ్య ‘ఆ తరువాత’ అన్న మాట ఒక్కటే ఇముడుతోందా, ‘అందువల్ల’, ‘అయినప్పటికీ’ అన్నవి కూడా ఇముడుతున్నాయా చూడండి. మధ్యభాగం మందగించిన నవలల్లో చాలావరకు సంఘటనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయే తప్ప ఒకదానిలోంచి మరొకటి పుట్టవు.

మీ మిత్రులిద్దరూ చెప్పినవి వేర్వేరు లోపాలు కాకపోవచ్చు. మధ్యభాగమంతా కథానాయికకు ఏవేవో జరుగుతూ ఉండి, ఆమె స్వయంగా ఏదీ ఎంచుకోకపోతే నడక మందగిస్తుంది. అదే కారణంగా చివరి నిర్ణయం హఠాత్తుగా ఊడిపడినట్టు ఉంటుంది. ఉదాహరణకు, చివర ఆమె అన్నతో తెగతెంపులు చేసుకుంటుందనుకుందాం. మధ్యలో మౌనంగా సర్దుకుపోయిన చోట్లలో ఒకచోట ఆమె చిన్న అబద్ధమాడి తన పని సాధించుకుని, ఆ అబద్ధం కొన్ని అధ్యాయాల తరువాత బయటపడి ఆమెను ఇరుకున పెడితే, మధ్యభాగానికి వేగమూ వస్తుంది, ఆ తెగింపుకు పాఠకుడూ ముందే సిద్ధపడి ఉంటాడు. అందుచేత ఎక్కడ విసుగు పుట్టిందన్న విషయంలో పాఠకుల మాట పూర్తిగా నమ్మండి. దానికి వారు సూచించే పరిష్కారాన్ని మాత్రం మీరే తూచి చూసుకోవాలి. పన్నెండో అధ్యాయంలో కలిగిన విసుగుకు మూలం ఎనిమిదో అధ్యాయంలో ఉండవచ్చు.

రెండవ సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేర్చదలిచాను. నిర్మాణం కుదిరాక, సంభాషణలన్నీ పైకి చదువుకుంటూ ఒకసారి భాషను సరిచూసుకుంటే చాలు; అక్కడ ఆపేయండి. దిద్దుతున్న కొద్దీ తొలిప్రతిలోని జీవం ఆరిపోయే దశ ఒకటి వస్తుంది.

పంపేటప్పుడు ఆయా సంస్థల నియమావళిని అక్షరాలా పాటించండి. మూడు అధ్యాయాలు అడిగినవారికి మొత్తం నవల పంపకూడదు. కథాసంగ్రహం అడిగితే ముగింపు దాచకుండా చెప్పండి. కొత్త రచయితలు ఉత్కంఠ కోసం దాన్ని వదిలేస్తుంటారు గానీ, కథ చివరిదాకా నిలబడిందో లేదో తెలుసుకోవడానికే సంపాదకులు దాన్ని అడుగుతారు. దిద్దుబాటులో నిడివి తగ్గుతుందని బెంగపడనక్కర లేదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో పురస్కారాల నిబంధనల ప్రకారం 40,000 పదాల రచన కూడా నవలే.

మూడవ సమాధానం

ప్రచురణ సంస్థ ప్రతిపాదన గురించి చెబుతాను. సంప్రదాయ ప్రచురణలో పెట్టుబడి ప్రచురణకర్తది, రాయల్టీ (అమ్మకాల మీద వచ్చే వాటా) రచయితది. ఖర్చు మీరే పెట్టుకునేటట్లయితే అది స్వీయప్రచురణ; అందులో తప్పేమీ లేదు, కానీ అప్పుడు ప్రతులూ హక్కులూ అమ్మకాల రాబడీ మీవే కావాలి. మీ డబ్బుతో అచ్చువేసి, హక్కులు మాత్రం తమ దగ్గర ఉంచుకుంటామనే ఒప్పందం మీద సంతకం చేయవద్దు. కాపీరైటు నమోదు చేయిస్తామన్న ఆకర్షణకూ లొంగవద్దు. కాపీరైటుకు సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడిక అయిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో, రచన మీద హక్కు కలగడానికి నమోదు అవసరం లేదు.

ఏ సంస్థతోనైనా ఒప్పందానికి వచ్చినప్పుడు, కాపీరైటును రాసివ్వకుండా ప్రచురణకు అనుమతి మాత్రమే ఇవ్వండి. అది ఎన్నేళ్లకు, ఏ భాషకు, ఏ రూపానికి అన్నది స్పష్టంగా ఉండాలి. అచ్చుపుస్తకానికి ఇచ్చిన అనుమతిలో ఈ-పుస్తకం, ఆడియో, అనువాదం, సినిమా హక్కులు కలిసిపోయి ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడండి. రాయల్టీ 10 శాతం అని రాసి ఉంటే అది పుస్తకం ధర మీదా, ప్రచురణకర్త చేతికి వచ్చే నికర రాబడి మీదా అని అడగండి. ధరలో సగం పంపిణీదారులకూ దుకాణాలకూ పోతే, రెండో పద్ధతిలో మీకు ధరలో దక్కేది 5 శాతమే. పుస్తకం అమ్మకంలో లేకుండా పోయినప్పుడు హక్కులు ఎంత గడువులో మీకు తిరిగి వస్తాయో కూడా ఒప్పందంలో రాయించుకోండి. మిమ్మల్ని డబ్బడిగిన ఆ సంస్థకు ఇవే ప్రశ్నలు ఉత్తరంగా రాసి, రాతపూర్వకమైన జవాబు చేతికి వచ్చేవరకు ఏమీ చెల్లించకండి.