నల్లరేగడిలో వాడుక నీళ్లకు కంకర మడి: ఎంత పెద్దది కట్టాలె?

ధర్మాబాద్ పెరడు:
అన్నలారా, ధర్మాబాద్ తాలూకా, నల్లరేగడి నేల. ఇంట్లో ఐదుగురం. స్నానం, బట్టలు, వంటింటి నీళ్లు కలిపి రోజుకు 350 లీటర్లు పోతయి. లెట్రిన్‌ది వేరే సెప్టిక్ ట్యాంకు, దాన్ని కలపను. మన నాందేడ్ జిల్లాలో టెంభుర్ణి ఊరి తీరుగ ఇంకుడు గుంత తవ్వితే దోమలు తగ్గుతయి గానీ నీళ్లు చేతికి రావు. ఎండాకాలం నాలుగు కొబ్బరి చెట్లకు, రెండు అరటి గుబుర్లకు ఆ నీళ్లే కావాలె. 160 చదరపు అడుగుల జాగ ఉంది. కంకర నింపి, మొక్కలు పెట్టి, వాడిన నీళ్లను వడగట్టే మడి అనుకుంటున్న. ఆ జాగ మొత్తం మడి కట్టాల్నా? కింద ఏం పరచాలె, ఏ మొక్కలు పెట్టాలె?

బిలోలి సివిల్:
160 వద్దు, 12 అడుగుల పొడవు, ఐదున్నర వెడల్పు చాలు. రెండడుగుల కంకర, అందులో 20 అంగుళాల మేర నీళ్లు. కంకర సందుల్లో 1,150 లీటర్ల దాకా పడతయి, అంటే మీ నీళ్లు మూడు రోజులకు పైగా లోపల నిలుస్తయి. స్నానం, బట్టల నీళ్లకు మన వేడిలో అది సరిపోతుంది.

కంకర ఒక బ్రాసు (వంద ఘనపుటడుగులు) కన్నా మూడో వంతు ఎక్కువ పడుతుంది. 10–20 మి.మీ. సైజు తీసుకోండి. క్రషర్ దుమ్ము పూర్తిగా పోయేదాకా కడగాలి, లేకపోతే ఆ దుమ్మే అడుగున పేరుకుని దారి మూస్తుంది. నీళ్లు వచ్చే చివర, పోయే చివర అడుగున్నర చొప్పున 40–60 మి.మీ. రాయి వేయండి. మడి అడుగుభాగం వాలు మొత్తం పొడవుకు అంగుళంన్నర.

రేగడి ఎండితే పగులుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, గోడను తోసేస్తుంది. అందుకే మడిని సగం నేల పైకి తేల్చండి. కింద ఆరంగుళాల మొరం దిమ్మిస కొట్టి, పైన రెండంగుళాల ఇసుక. గోడ చుట్టూ కూడా అడుగు వెడల్పున మొరం. లోపల శేత్‌తళ్లకు (పొలం కుంటలకు) పరిచే 500 మైక్రాన్ల ప్లాస్టిక్. కంకర పోయకముందు అడుగు లోతు నీళ్లు నింపి గీత పెట్టండి, పక్కన బకెట్‌లో కూడా నీళ్లు పెట్టి గీత గీయండి. రెండు రోజుల తర్వాత రెండూ ఒకే మేర తగ్గితే అది ఎండ తాగింది. మడిలో ఎక్కువ తగ్గితే చిల్లు ఉంది. చాలావరకు పైపు బయటికి వచ్చే చోటే కారుతుంది.

బయటి పైపుకు చిన్న గుంతలో ఎల్బో (వంపు ముక్క) పెట్టండి, సొల్యూషన్ (పైపు జిగురు) పూయొద్దు. దాన్ని తిప్పితేనే మడిలో నీటి మట్టం పెరుగుతుంది, తగ్గుతుంది. మొక్కలు వేళ్లూనాక మట్టం కంకర పైభాగానికి మూణ్నాలుగు అంగుళాల కింద ఉండాలి. పైకి తేలితే దోమలు, వాసన.

దేగ్లూర్ మొక్కలు:
జాగ ఉన్నప్పుడు పెద్దది కడితే నీళ్లు ఇంకా శుభ్రంగా వస్తయి కదా సార్?

బిలోలి సివిల్:
వానలు ఎక్కువున్న చోట అయితే సరే. ఇక్కడ మేలో మడిలోని మొక్కలు చదరపు మీటరుకు రోజుకు 12 లీటర్లు తాగుతయనుకోండి. 160 అడుగులంటే 15 చ.మీ., అంటే 180 లీటర్లు గాలికే. సగం కూడా మిగలవు, మిగిలిన దాంట్లో ఉప్పు రెండింతలు. చిన్న మడిలో అయితే 74 లీటర్లే పోతయి, ఉప్పు పావు వంతు పెరుగుతుంది. నీళ్లు చేతికి రావాలనుకునే వాళ్లు మడిని చిన్నగానే కట్టాలి.

దేగ్లూర్ మొక్కలు:
లెక్క ఒప్పుకుంటున్న. అయితే జమ్ము పెట్టకండి, చిన్న మడిలో అదొక్కటే మొత్తం ఆక్రమిస్తుంది. వట్టివేరు మూడింట రెండు వంతులు, నీళ్లు వచ్చే చివర మెట్టతామర. ఉప్పుకూ, కొన్నాళ్ల ఎండకూ వట్టివేరు తట్టుకుంటుంది. అడుగున్నర దూరంలో, వానలు పడ్డాక నాటండి, మేలో వద్దు. మొదట్లో నీళ్లు కంకర పైభాగానికి రెండంగుళాల కిందనే ఉంచి, వేళ్లు దిగేకొద్దీ మట్టం తగ్గించండి.

అసలు చేటు బట్టల సబ్బు పొడిలో ఉంది. అందులోని సోడియం రేగడిని బంకలాగ చేస్తుంది, నీళ్లు ఇంకవు. మడి దాన్ని ఆపదు. సోడియం తక్కువుండే సబ్బు వాడండి, వానలకు ముందు ఒక్కో చెట్టు పాదుకు రెండు కిలోల జిప్సం వేయండి. కొబ్బరి ఓర్చుకుంటుంది. అరటికి ఆకు అంచులు మాడితే ఒకరోజు ఈ నీళ్లు, ఒకరోజు బోరు నీళ్లు మార్చి ఇవ్వండి, మీ బోరు నీళ్లే ఉప్పగా ఉంటే అది కూడా పనిచేయదు. ఆకుకూరలకు అసలే వద్దు. డ్రిప్ పెట్టకండి, మూసుకుపోతుంది. తెరిచిన పైపు పాదులోకి, పైన ఎండుటాకు కప్పండి.

ధర్మాబాద్ పెరడు:
వాషింగ్ మెషిన్ ఒక్కసారే వంద లీటర్లు వదులుతది. దానికేం చేయాలె? మేలో పది రోజులు ఊరికి పోతే?

బిలోలి సివిల్:
మడికి ముందు 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అరంగుళం పైపుతో నెమ్మదిగా వదలండి. మెషిన్ పైపుకు నైలాన్ జాలీ కట్టండి, నూలు పోగులు వారానికోసారి తీయాలి. వంటింటి నీళ్లు విడిగా జిడ్డు తొట్టి గుండా రావాలి, వంద లీటర్లది, రెండు వారాలకోసారి పైన తేలిన జిడ్డు తీసేయండి. ఇది వదిలేస్తే ముందు మూసుకుపోయేది నీళ్లు వచ్చే చివరే. అక్కడ కంకర మీద నీళ్లు తేలుతుంటే, ఆ చివర రెండడుగుల రాయి, కంకర తీసి కడిగి మళ్లీ వేస్తే చాలు, మడంతా తవ్వొద్దు.

పది రోజులకు భయం లేదు. పోయే ముందు ఎల్బో పైకి తిప్పి మడి నింపండి. రెండు వారాలు దాటితే మాత్రం పక్కింటోళ్లను రోజుకు నాలుగు బిందెల నీళ్లు పోయమని చెప్పిపోండి.