చర్చ: ఒకప్పుడు నచ్చక పక్కన పెట్టి, ఏళ్ల తర్వాత మళ్లీ పట్టుకున్న నవల ఏది?

పాతపేజీ:
ఈ నెల మనం చదివిన ‘కాలాతీత వ్యక్తులు’ నాకు కొత్త నవల కాదు. డిగ్రీ రోజుల్లో చదివాను. అప్పట్లో అందులోని నాయిక ఇందిర పేరు చెబితేనే ఒళ్లు మండేది. మేడమీద గదిలో అద్దెకుంటున్న మెడిసిన్ విద్యార్థి ప్రకాశాన్ని ఆడిస్తోందని, స్నేహితురాలు కల్యాణిని చూసి ఓర్వలేకపోతోందని కోపం. పేజీ అంచున పెన్సిల్‌తో ‘స్వార్థపరురాలు’ అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. ఇరవై రెండేళ్ల తర్వాత మొన్న అదే ప్రతి బయటికి తీస్తే ఆ గీతలు కనబడి సిగ్గేసింది. బాధ్యత లేని తండ్రిని సాకుతూ, ఉద్యోగం చేసుకుంటూ, తన బతుకు గురించి తానే లెక్కలు వేసుకునే అమ్మాయిని పట్టుకుని ఆ మాట ఎలా అన్నాను! ఇప్పుడైతే ఆ మాట ప్రకాశానికే రాస్తాను. మేనమామ ఎదురుపడితే నోరు పెగలని మనిషి, ఆడపిల్లల ముందు మాత్రం ఎన్ని కబుర్లో!

మీకూ ఇలా అభిప్రాయం తిరగబడిన నవలలు ఉన్నాయా?

గోదారిగట్టు:
పాతపేజీ గారూ, ఒక మాట. ఈ మధ్య ఇందిరను దేవతను చేసి కూర్చోబెట్టడం ఎక్కువైంది. ప్రకాశం, కల్యాణి దగ్గరవుతున్నారని తెలిశాక ఇందిర మాటతీరు ఎలా ఉంటుందో మరోసారి చదవండి. మీ పెన్సిల్ పూర్తిగా తప్పేమీ రాయలేదు. రచయిత్రి డాక్టర్ పి. శ్రీదేవి ఆమెను మంచిదని నిరూపించే ప్రయత్నమే చేయలేదు. నాకు గొప్పగా అనిపించేది అదే. ప్రకాశం స్నేహితుడు కృష్ణమూర్తి లోపాలన్నీ తెలిసే అతన్ని ఎంచుకుంటుంది చూడండి, అక్కడ ఇందిర మీద జాలి చూపిస్తే ఆమే ఒప్పుకోదు.

అటకమీదిపెట్టె:
ఈ నవల 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పుస్తకంగా చదివే మనకు ఇందిర మీద కోపం వచ్చినా, తర్వాతి ప్రకరణంలో చల్లారిపోతుంది. అప్పటి పాఠకులకు ఆ కోపాన్ని తర్వాతి సంచిక దాకా మోయక తప్పలేదు. మా అమ్మ వేరే సీరియళ్లు పత్రికల్లోంచి చించి, సూదీ దారంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. మధ్యలో ఒక వారం పత్రిక ఎవరో తీసుకెళ్లి తిరిగి ఇవ్వకపోతే ఆ చోట తెల్లకాగితం పెట్టి, జరిగిన కథ తన చేత్తో నాలుగు వాక్యాల్లో రాసేది. ఆ కట్టల్లో నాకు బాగా గుర్తున్నవి ఆ తెల్లకాగితాలే.

1963లో దీన్ని ‘చదువుకున్న అమ్మాయిలు’గా తీశారు. సినిమాగా సరదాగానే ఉంటుంది, కానీ అందులో ఈ ఇందిర కోసం వెతక్కండి. రచయిత్రి అది చూడనే లేదు, 1961లోనే చనిపోయారు.

రిటైర్డ్‌గుమాస్తా:
నాది రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’. ఇరవై ఏళ్ల వయసులో చదివి సుబ్బయ్యను చూసి పగలబడి నవ్వాను. భార్యకు భయం, ఆఫీసులో భయం, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర తెచ్చిన అప్పు తలుచుకుంటే భయం. ఇంత పిరికివాడు ఎక్కడైనా ఉంటాడా అనుకున్నాను. తర్వాత నాకు పెళ్లయింది, ఇంటి మీద గది వేయడానికి ఒకాయన దగ్గర అప్పు తెచ్చాను. ఓ సాయంత్రం బస్టాపులో ఆయన దూరంగా వస్తూ కనిపించాడు. నేను టీకొట్టు వెనక్కి తప్పుకుని, తాగని టీకి డబ్బులిచ్చి, ఆయన వెళ్లేదాకా గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాను. వాయిదా తేదీ ఇంకా వారం ఉంది! అప్పుడు గుర్తొచ్చాడు సుబ్బయ్య. ఇంటికెళ్లి మళ్లీ చదివితే నవ్వు రాలేదు. విశాఖ వీధుల్లో సుబ్బయ్య నడుస్తుంటే వెనకాల నేనూ నడిచాను.

మూడోప్రయత్నం:
‘వేయిపడగలు’ రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ రెండువందల పేజీల దగ్గర వదిలేశాను. నాన్నగారికి కంటి ఆపరేషన్ అయ్యాక రోజూ రాత్రి గంటసేపు పైకి చదివి వినిపించాల్సి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, కంటికి కొరుకుడు పడని వాక్యాలు నోటికి అలవోకగా వచ్చాయి. విశ్వనాథ వారు 1934లో దీన్ని ఇరవై తొమ్మిది రోజుల్లో చెబుతూ ఉంటే తమ్ముడు రాశారట కదా. చెప్పిన నవల కాబట్టి వింటేనే బాగుంటుందేమో. పసిరిక అనే కుర్రాడి ఘట్టం చదువుతున్నప్పుడు నాన్నగారు “ఆగు, మళ్లీ చదువు” అన్నారు. మూడుసార్లు చదివించారు.

గోదారిగట్టు:
భాష సరే, కథానాయకుడు ధర్మారావు నమ్మే సమాజం సంగతేమిటి? సుబ్బన్నపేటలో ఎవరి స్థానం ఎక్కడో ముందే రాసిపెట్టి ఉంది. పాత ధర్మానికి గుర్తులైన ఆ పడగలు ఒక్కొక్కటే రాలిపోతుంటే అందరూ ఏడవాలని రచయిత కోరిక. కొన్ని రాలిపోతే నాకు హాయిగానే ఉంది.

మూడోప్రయత్నం:
నాన్నగారితో సరిగ్గా దీని మీదే రోజూ వాదన. పుస్తకం మూశాక అరగంట. ఆయన ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. చదవడం మాత్రం ఆపలేదు.

హాస్టల్‌గది:
నాకు అభిప్రాయం మారింది వయసు వల్ల కాదు, చోటు వల్ల. నవీన్ ‘అంపశయ్య’ ఊళ్లో, ఇంట్లో కూర్చుని చదివితే విసుగొచ్చింది. ఒక్క రోజు కథకు ఇంత సాగదీతా అనిపించింది. ఉస్మానియాలో చేరి, నెలాఖరున మెస్ బిల్లు కట్టడానికి ఎవరిని అడగాలా అని మంచం మీద పడుకుని లెక్కలు వేసుకున్న రాత్రి రవి అర్థమయ్యాడు. బుర్రలో ఆలోచనలు నిజంగా అలాగే, ఒకదాని మీద ఒకటి పడుతూ తిరుగుతాయి. ఆ ప్రతి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నది, చివరి పేజీ లేదు. ముగింపు సీనియర్ దగ్గర అడిగి చదివాను.

నిదానం:
అందరూ మళ్లీ చదివి ఇష్టపడిన కథలే చెబుతున్నారు. నాకు జరిగింది దీనికి తలకిందులు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ కాలేజీలో ప్రాణం. కథానాయకుడు దయానిధి మాటలు నోటుపుస్తకంలో ఎత్తి రాసుకున్నాను. ఇప్పుడు చదివితే, ఈయన తన బాధ గురించి ఆలోచించడం ఆపి చుట్టూ ఉన్న ఆడవాళ్లను ఒక్కసారి వాళ్ల సంగతి అడిగితే బాగుండును అనిపించింది. అమృతం వచ్చినప్పుడు మాత్రం ఇప్పటికీ పేజీ నెమ్మదిగా తిప్పుతాను. నవల చెడ్డదని కాదు. నేను ఆ గదిలోంచి బయటికి వచ్చేశాను, అంతే.

అటకమీదిపెట్టె:
పాతపేజీ గారూ, ఇంతకీ ఆ పెన్సిల్ మాట చెరిపేశారా?

పాతపేజీ:
లేదండీ. రబ్బరు తీసుకున్నాను గానీ, గోదారిగట్టు గారి మాట చదివాక ఆగిపోయాను. దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి, ఈ నెల తేదీ వేశాను. మా అమ్మాయి ఇప్పుడు అదే ప్రతి చదువుతోంది. నలభయ్యో పేజీలో ఉంది. పెన్సిల్ కావాలని అడిగింది.