లోడ్ యావరేజ్ 6 దాటింది, సీపీయూ మాత్రం ఖాళీగా కనిపిస్తోంది. ఎందుకు?

ప్రశ్న

నమస్కారం. కొత్తగా వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) తీసుకున్నాను: లినక్స్, 4 కోర్లు, 8 జీబీ ర్యామ్. వెబ్ సర్వర్ ఎన్జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ కోడ్‌ను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ మూడూ అందులోనే ఉన్నాయి. రద్దీ పెరిగినప్పుడు సైట్ బాగా నెమ్మదిస్తోంది. అప్పుడు అప్‌టైమ్ కమాండ్ కొడితే లోడ్ 6.20, 5.85, 3.10 అని వస్తోంది. టాప్ కమాండ్‌లో యూఎస్ (ప్రోగ్రాముల పని) 16, ఎస్‌వై (సిస్టమ్ పని) 5, ఐడీ (ఖాళీ) 32, డబ్ల్యూఏ (డిస్క్ కోసం ఎదురుచూపు) 46, ఎస్‌టీ (వేరే వీపీఎస్‌లకు పోయిన వంతు) 1 శాతం. సీపీయూ 21 శాతమే పనిచేస్తుంటే లోడ్ 6 ఎలా అవుతుంది? 8 కోర్ల ప్లాన్‌కు మారిపోనా?

సమాధానం 1

ఇప్పుడే మారకండి. మీకు కొరత కోర్లది కాదని ఆ అంకెల్లోనే కనిపిస్తోంది.

లోడ్ అనేది శాతం కాదు, ప్రాసెస్‌ల లెక్క. కెర్నల్ (లినక్స్ మూల భాగం) దాదాపు 5 సెకన్లకోసారి రెండు రకాల వాటిని కలిపి లెక్కపెడుతుంది. మొదటివి సీపీయూ మీద నడుస్తున్నవి లేదా దాని కోసం వరుసలో ఉన్నవి, అంటే ఆర్ స్థితి. రెండోవి డిస్క్ లాంటి చోటు నుంచి జవాబు వచ్చేదాకా కదలలేక ఆగిపోయినవి, అంటే డి స్థితి. ఈ డి లెక్క 1993 నుంచి లినక్స్‌లో ఉంది. సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ పెరగడానికి కారణం ఇదే.

మీ లెక్కే చూడండి. 4 కోర్లలో 21 శాతం అంటే ఒక కోరు కూడా పూర్తిగా వాడుకలో లేదు. 6.20లో సుమారు 1 పోతే మిగిలిన 5 దాదాపుగా డి స్థితిలో ఇరుక్కున్నవే అయ్యుండాలి. కోర్లు 8 చేసినా అవి అక్కడే ఇరుక్కుంటాయి.

మూడు అంకెలు 1, 5, 15 నిమిషాలవి. అయితే ఇవి మామూలు సగటు కావు, పాత విలువల బరువు మెల్లగా తగ్గుతూ వచ్చే సగటు. ఖాళీ సర్వర్ మీద లోడ్ ఒక్కసారిగా 1కి చేరి అక్కడే ఉంటే, నిమిషం తర్వాత మొదటి అంకె 0.63 మాత్రమే చూపిస్తుంది. మీ మూడింటిలో మొదటిదే పెద్దది కాబట్టి ఒత్తిడి ఇటీవలే పెరిగింది, ఇంకా తగ్గలేదు.

సమాధానం 2

పైన చెప్పినదానికి కొనసాగింపు. డి స్థితి అనగానే డిస్క్ పాడైందని అనుకోవద్దు. ముందు చూడాల్సింది మెమరీ. సైట్ నెమ్మదించిన సమయంలోనే విఎంస్టాట్ 1 అని కొట్టి ఓ పది వరుసలు రానివ్వండి. మొదటి వరుసను వదిలేయండి, అది సర్వర్ బూట్ అయినప్పటి నుంచి సగటు. ఆర్ (ఆర్ స్థితిలోనివి), బీ (డి స్థితిలో ఆగినవి), ఎస్ఐ (స్వాప్ నుంచి ర్యామ్‌లోకి వచ్చేది), ఎస్ఓ (ర్యామ్ నుంచి స్వాప్‌లోకి పోయేది) నిలువు వరుసలు ఇక్కడ పెట్టండి. స్వాప్ అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు. దాంతోపాటు ఫ్రీ కమాండ్‌లో అవైలబుల్ (ఇంకా వాడుకోగల ర్యామ్) ఎంతుందో కూడా. అక్కడ ఫ్రీ అనే అంకెను చూసి కంగారుపడొద్దు, లినక్స్ మిగిలిన ర్యామ్‌ను ఫైల్ కాష్‌కి వాడుకుంటుంది.

డబ్ల్యూఏ మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి. కోరు ఖాళీగా ఉన్న సమయాన్నే అది లెక్కిస్తుంది. అదే కోరుకు వేరే పని దొరికితే డిస్క్ ఇబ్బంది అలాగే ఉన్నా డబ్ల్యూఏ తగ్గిపోతుంది. బీ వరుస నయం.

ప్రశ్న అడిగినవారు

ఆర్ 1, బీ 5 దగ్గర ఉన్నాయి. ఎస్ఐ 400 నుంచి 700, ఎస్ఓ 900 పైన, ప్రతి సెకనూ. అవైలబుల్ 150 ఎంబీ. పీహెచ్‌పీలో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి నడవగల పీహెచ్‌పీ ప్రాసెస్‌ల పరిమితి) 50, ఒక్కో చైల్డ్ సుమారు 120 ఎంబీ తింటోంది. మైఎస్‌క్యూఎల్ బఫర్ పూల్ (డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటు) 4 జీబీ.

సమాధానం 2 రాసినవారు

దొరికింది. 50 చిల్డ్రన్‌కి 120 ఎంబీ చొప్పున 6 జీబీ, బఫర్ పూల్ 4 జీబీ. 8 జీబీ సర్వర్‌కి 10 జీబీ అనుమతి ఇచ్చారు. రద్దీ తక్కువగా ఉన్నంతసేపు చిల్డ్రన్ అన్నీ పుట్టవు కాబట్టి బయటపడదు. పెరగగానే పేజీలు (మెమరీ ముక్కలు) స్వాప్‌లోకి వెళ్తాయి, వాటిని మళ్లీ చదవడానికి ప్రాసెస్‌లు డి స్థితిలో ఆగుతాయి, లోడ్ పైకి పోతుంది.

మ్యాక్స్ చిల్డ్రన్ 25కి, బఫర్ పూల్ 3 జీబీకి దించండి. మొత్తం 6 జీబీ. మైఎస్‌క్యూఎల్ బఫర్ పూల్‌కి మించి కొంత వాడుతుంది, కెర్నల్‌కీ ఫైల్ కాష్‌కీ చోటు కావాలి, అందుకే ఆ 2 జీబీని ముట్టుకోవద్దు. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి బఫర్ పూల్‌ను నడుస్తుండగానే మార్చొచ్చు, కానీ కాన్ఫిగ్ ఫైల్‌లోనూ రాయండి, లేకపోతే రీస్టార్ట్‌తో పాత విలువ తిరిగొస్తుంది. స్వాప్ ఫైల్ పెంచితే మాత్రం ఈ జబ్బు తగ్గదు, ఇంకా పొడుగవుతుంది. స్వాపీనెస్ (స్వాప్‌ను ఎంత వాడాలో చెప్పే సెట్టింగ్) తగ్గించినా అంతే, ర్యామ్ చాలనప్పుడు పేజీలు ఎటో వెళ్లాల్సిందే.

చిల్డ్రన్ 25 అయ్యాక ఎఫ్‌పీఎం లాగ్‌లో పరిమితికి చేరిందన్న హెచ్చరిక తరచూ వస్తుంటే మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ (ఆలస్యమయ్యే క్వెరీల జాబితా) ఆన్ చేయండి. ఒక్కో రిక్వెస్ట్ త్వరగా ముగిస్తే 25 మందే చాలా పని చేస్తారు. అది చేశాక కూడా చాలకపోతే అప్పుడు ర్యామ్ పెంచండి, కోర్లు కాదు.

సమాధానం 3

మరో రెండు మాటలు. ఎస్‌టీ ఇప్పుడు 1 శాతమే కాబట్టి పరవాలేదు. అది గంటల తరబడి 10 దాటి ఉంటే, మీ సీపీయూ వంతును హోస్ట్ (మీ వీపీఎస్ నడిచే అసలు యంత్రం) వేరే వీపీఎస్‌లకు ఇస్తోందని అర్థం. మీ వైపు ఏ సెట్టింగ్ మార్చినా లాభం ఉండదు, ప్రొవైడర్‌ను అడగాలి. డాకర్ కంటైనర్ లోపల అప్‌టైమ్ చూపించే లోడ్ కూడా కంటైనర్‌ది కాదు, మొత్తం హోస్ట్‌ది.

అలర్ట్ పెట్టేటట్లయితే 1 నిమిషం అంకె మీద వద్దు. బ్యాకప్ మొదలైన ప్రతిసారీ మోగుతుంది. 15 నిమిషాల అంకె కోర్ల సంఖ్యను దాటితే చాలు, మీకు 4. కెర్నల్ 4.20 లేదా ఆ తర్వాతది అయితే ప్రాసెస్‌లు దేనికోసం ఎంతసేపు ఆగుతున్నాయో చెప్పే, ప్రాక్ డైరెక్టరీలోని ప్రెజర్ ఫోల్డర్ చూడండి. సీపీయూ, మెమరీ, ఐఓ అని మూడు ఫైళ్లుంటాయి. ఫోల్డర్ లేకపోతే బూట్ పారామీటర్లలో psi=1 అని చేర్చాల్సి రావచ్చు. మెమరీ ఫైల్‌లో సమ్ (some) వరుసలోని 10 సెకన్ల సగటు సున్నా దగ్గర ఉండాలి. మీ సర్వర్‌లో రద్దీ వేళ అది పెరుగుతూ ఉంటే, లోడ్ ఇంకా 4 దాటకముందే కారణం మెమరీ అని తెలిసిపోతుంది.